ఒక పల్లె – ఇద్దరు కథకులు

కోయంబత్తూరు జిల్లాలోని అన్నూరు ప్రాంతంలో తరతరాలుగా ఇంట తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు ఉన్నాయి. మధుర, తిరునెల్వేలి సీమల్లోనూ ఇటువంటి కుటుంబాలు అనేకం. “మన పెద్దలు ఎక్కడి నుంచి వచ్చారు?” అని పిల్లలు అడిగితే అవ్వలు, తాతలు ఒక కథ చెబుతారు. ఆ కథే ఆ ఇంటి చరిత్ర. అయితే చెప్పేవారు పోతే కథ కూడా పోతుంది. అలా పోనీయకుండా తన కథను నిలుపుకొన్న పల్లె ఒకటి ఉన్నది. దాని పేరు ఇడైసెవల్.

ఇడైసెవల్ తూత్తుకుడి జిల్లాలో, కోవిల్పట్టి నుంచి తిరునెల్వేలి వెళ్ళే దారిలో ఉన్న చిన్న ఊరు. అక్కడిది నల్లరేగడి నేల. తమిళులు దీనిని ‘కరిసల్’ అంటారు. పత్తి, జొన్న, సజ్జ అక్కడి పంటలు. వాన కురిస్తేనే పంట, లేకుంటే కరవే.

ఇంత దూరానికి తెలుగువారు ఎలా వచ్చారు? 14వ శతాబ్దంలో విజయనగర సైన్యాలు మధురను జయించాయి. 16వ శతాబ్దంలో విశ్వనాథ నాయకుడు మధురలో నాయక రాజుల పాలనకు పునాది వేశాడు. రాజ్యాన్ని 72 పాళెములుగా ఏర్పరచి పాలెగాండ్రకు అప్పగించారు. సైనికుల వెంట రైతులు, నేతగాండ్రు, ఇతర వృత్తులవారు తరలివచ్చారు. రేగడి సేద్యం తెలిసిన రైతులు తమకు అలవాటైన నల్లనేలను వెదకుకొని స్థిరపడ్డారు.

ఇడైసెవల్‌లో 1923లో ఇద్దరు పిల్లలు పుట్టారు. ఒకరు కి. రాజనారాయణన్, మరొకరు కు. అళగిరిసామి. ఇద్దరి ఇంటి భాష తెలుగే. ఇద్దరూ చిన్ననాటి స్నేహితులు. ఇద్దరికీ సంగీతమన్నా, సాహిత్యమన్నా ప్రాణం. పెరిగి పెద్దవారై ఇద్దరూ తమిళంలో గొప్ప కథకులయ్యారు.

అళగిరిసామి ఊరు విడిచి మద్రాసు చేరి పత్రికల్లో పనిచేశారు. కొంతకాలం మలయాలోనూ ఉన్నారు. ఆయన కథల్లో పేదవారి, పిల్లల మనసులు కనిపిస్తాయి. ‘అన్బళిప్పు’ అనే కథలో తనకు కానుక దక్కని ఒక బాలుడు తానే ఒక డైరీ తెచ్చుకొని, దానిని ప్రేమతో తనకు ఇచ్చినట్లు రాసిపెట్టమని అడుగుతాడు. ఆ కథ పేరుతో వచ్చిన సంపుటికి 1970లో సాహిత్య అకాడెమీ బహుమతి లభించింది. అప్పటికే ఆయన కన్నుమూశారు.

రాజనారాయణన్ ఊళ్ళోనే ఉండి సేద్యం చేశారు. ఆయన బడి చదువు చాలా కొద్ది. ముప్పై ఏళ్ళు దాటిన తరువాతనే కథలు రాయసాగారు. రైతులు మాట్లాడే మాటనే కథల్లోకి తెచ్చారు. కరిసల్ సీమ పలుకుబడులకు నిఘంటువు కూర్చారు. జానపద కథలను సేకరించారు. బడిలో ఎక్కువ చదవని ఆ రైతును పుదుచ్చేరి విశ్వవిద్యాలయం ఆచార్యునిగా ఆహ్వానించింది.

1976లో వెలువడిన ‘గోపల్ల గ్రామం’ ఆయన నవలల్లో ప్రసిద్ధమైనది. ఆపదలో స్వస్థలం విడిచిన తెలుగు కుటుంబాలు దక్షిణానికి నడిచివచ్చి, అడవిని నరికి, ఊరు కట్టుకొన్న కథ అది. నూరేళ్ళు దాటిన మంగత్తాయారు అనే ముసలమ్మ ఆ ప్రయాణాన్ని ఇంటిల్లిపాదికీ వినిపిస్తుంది. దాని తరువాయి భాగమైన ‘గోపల్లపురత్తు మక్కళ్’ నవలకు 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. 2021లో రాజనారాయణన్ పుదుచ్చేరిలో మరణించినప్పుడు, తమిళనాడు ప్రభుత్వం ఇడైసెవల్‌లో అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిపించింది.

ఒకే పల్లెలో, ఒకే ఏట పుట్టిన ఇద్దరు మిత్రులకు ఆ బహుమతి దక్కడం అరుదైన విషయం. అంతకన్న గొప్ప విషయం మరొకటి ఉన్నది. తెలుగు ఇళ్ళలో నోటి మాటగా నడిచివచ్చిన వలస కథ తమిళ అక్షరాల్లో భద్రంగా నిలిచింది. అది తమిళ సాహిత్యానికీ సంపద అయింది.

అన్నూరులోనైనా, మరే ఊరిలోనైనా మంగత్తాయారు వంటి అవ్వలు ఉంటారు. వారు వాడే పాత తెలుగు మాటలు, సామెతలు, ఊరు కట్టిన కథలు ఇంకా ఎన్నో పుస్తకానికి ఎక్కలేదు. తెలుగు అక్షరాలు నేర్చిన పిల్లలు వాటిని విన్నవి విన్నట్లుగా, ఇంటి భాషలోనే రాసిపెట్టగలరు. అవ్వ చెబుతుండగానే ఆ పని మొదలుపెట్టాలి.