పాల బండి ఇంజను: బాగు చేయించాలా, మార్చాలా?

సొంత బండితో పాలు సేకరించే సంఘాల లెక్కలు తనిఖీ చేసేటప్పుడు ఒక సంగతి తరచు కనిపిస్తుంది. బండి కొనేటప్పుడు మహాజన సభ పెట్టి, నాలుగు చోట్ల ధరలు విచారించి, తీర్మానం రాసుకుని కొంటారు. అదే బండి పదేళ్ల తర్వాత ఇంజను దెబ్బతిని షెడ్డు చేరితే మాత్రం, లక్ష రూపాయల నిర్ణయం ఒక పూటలో, మేస్త్రి నోటిమాట మీద జరిగిపోతుంది. సాయంత్రం పాలు ఎవరు తోలాలన్న తొందర అలాంటిది. ఎండాకాలంలో రెండు మూడు గంటలు ఆలస్యమైతే క్యాన్లలో పాలు పులుస్తాయి గనుక ఆ తొందరను తప్పు పట్టలేం. కాని ఆ ఖర్చు చివరకు పాల బిల్లుల సొమ్ములోంచే పోతుంది. పదిహేను రోజుల బిల్లు నెలరోజులైనా సభ్యుల చేతికి రాదు. అందుచేత బండి పూర్తిగా ఆగకముందే, మూలుగుతున్నప్పుడే పాలకవర్గం ఈ విషయం తేల్చుకోవడం మంచిది.

మొదట తెలుసుకోవలసింది, నిజంగా పాడైనది ఏమిటన్నది. "ఇంజను పోయింది" అనే మాటలో చాలా జబ్బులు ఇముడుతాయి. పొగ రంగు కొంత చెబుతుంది. నల్లటి పొగ వస్తుంటే డీజిలు సరిగా కాలడం లేదన్నమాట. గాలి ఫిల్టరు మూసుకుపోయినా, నాజిళ్లు అరిగినా, డీజిల్ పంపు సర్దుబాటు తప్పినా ఇలా జరుగుతుంది. వీటికి ఇంజను విప్పనక్కరలేదు. నీలి పొగ వస్తుంటే ఇంజనాయిల్ కాలుతోంది; రింగులు, లైనర్లు అరిగి ఉండవచ్చు, లేదా వాల్వుల సీళ్లు మాత్రమే పోయి ఉండవచ్చు. తెల్లవారుజామున చలికి కాసేపు తెల్లపొగ వస్తే భయపడవద్దు. ఇంజను వేడెక్కిన తర్వాత కూడా తెల్లపొగ ఆగక, రేడియేటరులో రోజూ నీళ్లు తగ్గుతుంటే, నీరు సిలిండరులోకి పోతున్నదని అర్థం. ఆయిలు కొలిచే కడ్డీ తీసి చూస్తే పాలు కలిపిన కాఫీ రంగు కనిపిస్తుంది. ఆ రంగు కనిపించాక బండిని ఒక్క ట్రిప్పు కూడా నడపరాదు. నీళ్లు కలిసిన ఆయిలు బేరింగులను కాపాడదు. వెయ్యి రూపాయల గాస్కెట్టుతో పోయేది క్రాంకు దాకా పోతుంది.

పొగ చూసి ఊహించడం కంటె ప్రెషరు కొలిపించడం మేలు. నాజిళ్లు తీసి ఆ రంధ్రంలో గేజి బిగించి, ఒక్కొక్క సిలిండరు ఎంత ఒత్తిడి కడుతున్నదో చూస్తారు. గంటా రెండు గంటల పని. ఒక సిలిండరులో ఒత్తిడి తగ్గితే అందులో ఒకటి రెండు చెంచాల ఇంజనాయిల్ పోసి మళ్లీ కొలవాలి. ఒత్తిడి పెరిగిందంటే రింగులు, లైనరు అరిగాయని. పెరగకపోతే లోపం పైన, అంటే వాల్వుల్లోనో గాస్కెట్టులోనో ఉన్నదని గ్రహించవచ్చు. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లలో ఒకేసారి తగ్గితే, మధ్యలో గాస్కెట్టు కాలి ఉంటుంది.

డెల్టాలోని ఒక సంఘంలో సరిగ్గా ఇదే జరిగింది. రేడియేటరు పైపు చిట్లి, బండి వేడెక్కి ఆగిపోయింది. ఇంజను మార్చాల్సిందేనని మేస్త్రి చెప్పాడు, పాలకవర్గం కూడా సరే అన్నది. కార్యదర్శి మాత్రం ఇంకొక షెడ్డులో ప్రెషరు కొలిపించమని పట్టుబట్టాడు. రెండు, మూడు సిలిండర్లే బలహీనంగా ఉన్నాయని తేలింది. హెడ్డును లేత్ మీద సమతలం చేయించి, గాస్కెట్టు, పైపు మార్చారు. ఇంజను ధరలో ఆరోవంతుకూడా కాలేదు. మేస్త్రిది మోసమని నేను అనను; కొలవకుండా చెప్పడం షెడ్లలో అలవాటు.

ఇక అడుగుభాగమే అరిగిందనుకుందాం. ఆయిలు నింపే మూత తీస్తే బుసబుసమని ఆవిరి తన్నుతుంది, వేడి మీద ఆయిలు లైటు మినుకుమంటుంది, లోపల నుంచి బరువైన కొట్టుడు శబ్దం వస్తుంది. అప్పుడు ఇంజను విప్పవలసిందే. ఐతే విప్పమని అనుమతి ఇవ్వడం వేరు, బాగు చేయమని అనుమతి ఇవ్వడం వేరు. విప్పి కొలవడానికి కూలి ఇచ్చి, లేత్ వారి కొలతల చీటీ తెప్పించుకోవాలి. లైనర్ల అరుగుదల ఎంత, బ్లాకులో పగులున్నదా, క్రాంకు ఇంతకుముందు ఎన్నిసార్లు గ్రైండింగు అయింది అన్నవి అందులో ఉండాలి. క్రాంకును సాధారణంగా పావు మిల్లీమీటరు చొప్పున అరగదీసి, అందుకు తగిన బేరింగులు వేస్తారు. ఇది కొన్నిసార్లే సాధ్యం. చివరి సైజుకు వచ్చిన క్రాంకును మార్చక తప్పదు. బ్లాకు పగిలితే, ఆ ఇంజను మీద ఇక ఖర్చు పెట్టవద్దనే నా సలహా. అతుకు వేస్తామని చెప్పేవారు ఉంటారు. రోజుకు రెండు పూటలు నడిచే పాల బండికి ఆ అతుకు పనికిరాదు.

వాడిన ఇంజను తెచ్చి వేయడం మూడవ మార్గం. విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల దొరుకుతాయి, నాలుగు రోజుల్లో బండి రోడ్డెక్కుతుంది. కాని చల్లగా ఉన్న ఇంజనును మన ఎదుట స్టార్టు చేయించి, ప్రెషరు కొలిపించి మరీ తీసుకోవాలి. ఇంజను నంబరు రాసిన బిల్లు, అది ఏ బండి నుంచి వచ్చిందో తెలిపే కాగితాలు లేనిదే డబ్బు ఇవ్వరాదు. దొంగబండి ఇంజను సంఘం బండిలో దొరికితే జవాబు చెప్పవలసింది అధ్యక్షులే.

లెక్క ఎలా వేయాలో ఒక ఉదాహరణ చూద్దాం. అంకెలు ఊహించినవి, మీ సంఘం అంకెలు పెట్టుకోండి. బండి రోజుకు 90 కిలోమీటర్లు తిరుగుతుంది. బాగున్న రోజుల్లో లీటరుకు 13 కిలోమీటర్లు వచ్చేది, ఇప్పుడు 10 వస్తున్నది. అంటే రోజుకు రెండు లీటర్ల పైచిలుకు డీజిలు అదనం. లీటరు 96 రూపాయల చొప్పున రోజుకు దాదాపు 200 రూపాయలు. పాలకు ఆదివారం లేదు గనుక, ఏడాదికి 73,000 రూపాయలు. పైన పోసే ఇంజనాయిల్ వేరు. "ఈ ఏడాది ఇలా లాగిద్దాం" అనే సంఘం ఓవర్‌హాలు ఖర్చులో పెద్ద భాగాన్ని పొగగొట్టంలోంచి వదిలేస్తున్నదన్నమాట.

ఓవర్‌హాలుకు 1,10,000 అయి, ఆ ఇంజను లక్ష కిలోమీటర్లు నడిస్తే కిలోమీటరుకు 1 రూపాయి 10 పైసలు పడుతుంది. వాడిన ఇంజను బిగింపుతో సహా 90,000కు వచ్చి, 40,000 కిలోమీటర్లకే మొరాయిస్తే 2 రూపాయల 25 పైసలు. చవక అనుకున్నది రెండింతల ఖరీదవుతుంది. ఓవర్‌హాలుకు పన్నెండు రోజులు పట్టవచ్చు, ఆ రోజుల కిరాయి బండి ఖర్చును కూడా కలుపుకోవాలి.

మరమ్మతు ఖర్చు బండి విలువలో సగం దాటితే అమ్మేయమని ఒక మాట వాడుకలో ఉన్నది. సొంత కారుకు అది సరిపోతుందేమో. సంఘం బండికి బజారు ధర కంటె, రాబోయే మూడేళ్లు అది పాలు తోలగలదా లేదా అన్నది ముఖ్యం. అందుకని ఇంజనుకు పైసా పెట్టకముందు బండి కిందికి దూరి చాసిస్ చూడండి. క్యాన్ల నుంచి కారిన పాలు, కడిగిన నీళ్లు పడి పడి వెనుక భాగం తుప్పు తినడం పాల బండ్లకు ప్రత్యేకమైన జబ్బు. చాసిస్‌కు పగుళ్లు వచ్చి, గేరుబాక్సు కూడా పళ్లు నూరుతుంటే, కొత్త ఇంజను వేసినా ఆరు నెలల్లో బండి మళ్లీ షెడ్డులోనే ఉంటుంది. రవాణా వాహనానికి 8 ఏళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. 15 ఏళ్లు దాటిన బండ్లకు 2022 ఏప్రిల్ 1 నుంచి ఆ రుసుము బాగా పెంచారు. అటువంటి బండికి పెద్ద మరమ్మతు చేయించడం కంటె, ఉన్నపళంగా అమ్మి ఆ సొమ్మును కొత్తదానికి జమచేయడం నయం.

డబ్బు సంగతి. బండిపై ఏటా వేసే తరుగుదల చాలా సంఘాల్లో ఖాతాపుస్తకంలో అంకెగానే ఉండిపోతున్నది. అంత మొత్తం బ్యాంకులో విడిగా వేసిన సంఘానికి ఇంజను పాడైతే చికాకేగాని కష్టం లేదు. వేయని సంఘం పాల బిల్లులు ఆపవలసి వస్తుంది. లీటరుకు ఇన్ని పైసలని నమ్మి పాలు పోసిన ఆడవాళ్లకు ఇంజను కథ చెబితే ఎంతకాలం వింటారు? పక్కనే ప్రైవేటు డైరీ వ్యాను ఆగి ఉంటుంది.

పని అప్పగించేటప్పుడు కనీసం మూడు కొటేషన్లు, పాలకవర్గ తీర్మానం, గ్యారంటీ కాగితం ఉండాలి. తీసేసిన పాత సామాను మొత్తం సంఘానికి తిరిగి రావాలి. స్టాకు రిజిస్టరులో రాసి, తర్వాత తూకానికి అమ్మి సొమ్ము జమచేయాలి. ఓవర్‌హాలైన ఇంజనుతో మొదటి వెయ్యి కిలోమీటర్లు సగం బరువు, నిదానమైన నడక. ఆ వెయ్యి పూర్తి కాగానే ఆయిలు, ఆయిలు ఫిల్టరు మార్చాలి. డ్రైవరు ఈలోగా నిండు క్యాన్లతో పందెం తోలితే కొత్త రింగులు సర్దుకోవు. ఇంజనే మారినట్లయితే ఆ నంబరు ఆర్.సి.లో నమోదు చేయించి, బీమా కంపెనీకి కూడా తెలియపరచండి. ఆడిట్‌కు మేము వచ్చినప్పుడు మొదట చాసిస్, ఇంజను నంబర్లు రెండూ ఆర్.సి.తో సరిచూస్తాము.