సంగటి ముందు చెంచా

హైదరాబాదు నుంచి బెంగళూరుకు పోయే 44వ నంబరు జాతీయ రహదారి అనంతపురం సీమను నిలువునా దాటుతుంది. ఆ దారి హోటళ్ళ బోర్డుల మీద ‘రాగి సంగటి – నాటుకోడి పులుసు’ అన్న మాట తరచుగా కనిపిస్తుంది. లోపల కూర్చుంటే కొన్నిచోట్ల ముద్దతో పాటు స్టీలు చెంచా కూడా తెచ్చి పెడతారు. కొత్తవాళ్ళు దాంతో ముద్దను పొడుస్తారు. చెంచా సులువుగానే దిగుతుంది, బయటికి రావడానికి మాత్రం మొరాయిస్తుంది. వచ్చినా సగం సంగటి దాన్ని వదలదు. పక్క బల్ల దగ్గరి ఊరి మనిషి ఈలోగా వేళ్ళతోనే రెండో ముద్దకు వచ్చేసి ఉంటాడు.

దేన్ని దేనితో తినాలన్నది ఈ సీమలో ఏ మర్యాదల పుస్తకమూ చెప్పలేదు. మెట్టలో పండిన గింజా, బావిలో మిగిలిన నీళ్ళూ కలిసి చెప్పాయి. అనంతపురంలో ఏడాదికి కురిసేది సగటున 550 మిల్లీమీటర్ల వాన. నైరుతి మబ్బులను పడమటి కనుమలు ముందే పిండేస్తాయి. ఈశాన్య రుతుపవనాలు తూర్పు తీరం దాటి ఇంతదూరం వచ్చేసరికి నీరసపడతాయి. అందుకే వరి చెరువుల కిందికే పరిమితమై, మెట్ట మీద రాగి, జొన్న, కొర్ర నిలిచాయి.

సంగటి చేసే తీరు చూస్తే తినే తీరు దానంతటదే అర్థమవుతుంది. కుండలో కాసిన్ని బియ్యమో నూకలో ఉడికించి, పైన రాగిపిండిని గుట్టలా పోసి, కలపకుండా మూత పెడతారు. పిండి ఆవిరికి మగ్గాక కుండ దించి, కదలకుండా అదిమిపట్టి, సంగటి కట్టెతో బలంగా కెలుకుతారు. మామూలు గరిటె ఆ బరువుకు తట్టుకోదు. ఆఖరున చెయ్యి తడి చేసుకుని ముద్దలు కడతారు. గుట్టంతా ఆ తడిలోనే ఉంది. రాగిలో గ్లూటెన్ ఉండదు, ముద్దకు పట్టు ఇచ్చేది ఉడికిన గంజి పదార్థమే. అది పొడిగా ఉన్న దేన్నయినా పట్టుకుంటుంది, తడి వేళ్ళను మాత్రం వదిలేస్తుంది.

తినేవాళ్ళు వేళ్ళను ముందు పులుసులో ముంచుతారు. చిన్న ఉండ తుంచి, బొటనవేలితో గుంత చేసి, పులుసు ఎత్తుకుని నోట్లో వేసుకుంటారు. నమలరు, మింగుతారు. నమిలితే పళ్ళకు అంటుకుంటుంది. పైన చల్లారినట్టు కనబడే ముద్ద లోపల పొగలు కక్కుతుంటుంది కాబట్టి, నోటికన్నా ముందు వేళ్ళే వేడి చూసి చెబుతాయి. చెంచాకు ఆ తెలివి లేదు.

రాగి పుట్టిల్లు ఇండియా కాదు. తూర్పు ఆఫ్రికాలోని ఎత్తైన నేలల నుంచి కొన్ని వేల ఏళ్ళ కిందట ఇక్కడికి చేరింది. కెన్యాలో ఈనాటికీ ‘ఉగాలి’ అనే పిండి ముద్దను చేత్తో తుంచి, బొటనవేలితో గుంత చేసి, కూర ఎత్తుకుని తింటారు. గింజతో పాటు తినే పద్ధతి కూడా సముద్రం దాటిందో, జిగట ముద్ద ఎక్కడివాళ్ళకైనా అదే పాఠం నేర్పిందో! రెండోదే నమ్మబుద్ధవుతుంది.

జొన్నరొట్టెకు వేరే పనిముట్టే అక్కర్లేదు. ముక్క తుంచి మడిస్తే అదే చెంచా, చెనిక్కాయల (వేరుశనగల) ఊరుబిండి పచ్చడిని దాంతోనే ఎత్తుకుంటారు. తడిపిన బొరుగుల ఉగ్గానికి చెంచా పెట్టినా ఎవరూ తప్పుపట్టరు, పక్కనున్న మిరపకాయ బజ్జీకి మాత్రం చెయ్యి రావాల్సిందే. అంబలి ఎత్తి తాగాలి.

ఎత్తి తాగడం గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. బంతిలో ఒకే చెంబు చేతులు మారుతుంది. పెదవికి తగలకుండా పైనుంచి గొంతులో పోసుకుంటే చెంబు ఎంగిలి కాదు, ప్రతిసారీ కడగనక్కర్లేదు. మోదుగాకులను పుల్లలతో కుట్టిన విస్తరిదీ ఇదే లెక్క: తోమడానికి నీళ్ళు అక్కర్లేదు. కరువు సీమలో ఇది శుభ్రమూ, పొదుపూ.

లేపాక్షి వీరభద్రాలయ ఆవరణలో బండ మీదే తొలిచిన తట్టలు ఉన్నాయి (ఇక్కడ పళ్ళేన్ని తట్ట అంటారు). కూరలకు వేరే గుంతలతో సహా. పదహారో శతాబ్దంలో గుడి కట్టిన శిల్పులు వాటిలో భోంచేశారని గైడ్లు చెబుతారు, రంగులు కలుపుకున్నారని ఇంకొందరంటారు. హంపీలోనూ రాతి కాలువ పక్కన ఇలాంటి రాతి పళ్ళేల వరుస కనిపిస్తుంది. రాతి తట్టను దొంగలెత్తుకుపోరు, అంతవరకు నిశ్చింత.

ఎంగిలి అనే మాటకు చేదు ముఖం కూడా ఉంది. శుభ్రం కోసం పుట్టిన జాగ్రత్త కులం చేతిలో పడి, తెలుగు పల్లెల్లో టీ హోటళ్ళకు రెండు గ్లాసుల పద్ధతి తెచ్చింది. దళితులకు వేరే గ్లాసు, తాగాక వాళ్ళే కడిగి పెట్టాలి. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనాన్ని రద్దు చేసినా, ఆ గ్లాసులు దశాబ్దాల పాటు చూర్లకు వేలాడుతూనే ఉన్నాయి. మర్యాద పేరిట సాగిన ఈ అమర్యాద ముందు చెయ్యా చెంచానా అన్న వాదన చాలా చిన్నది.

ఫోర్కుకు కూడా అంత పెద్ద వంశచరిత్ర లేదు. దాన్ని ఇటలీలో చూసి ముచ్చటపడి అలవాటు చేసుకున్న ఇంగ్లీషు యాత్రికుడు థామస్ కోర్యాట్, 1611లో అచ్చయిన తన యాత్రాగ్రంథంలో దాని గురించి రాశాడు. ఇంగ్లండులో స్నేహితులు అతన్ని ఆటపట్టించారు. అప్పట్లో అక్కడ వేళ్ళతో తినడమే మామూలు.

సంగటిని పక్కకు నెట్టింది ఫోర్కు కాదు, బియ్యం. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చాక మెట్ట ఊళ్ళలోనూ రోజువారీ తిండి అన్నమైంది. మెట్ట పొలాల్లో ఎటు చూసినా చెనిక్కాయ పైరే పరుచుకుంది. పేదల కూడుగా లోకువైన సంగటి ఇప్పుడు పెళ్ళిళ్ళ బఫేలో ‘స్పెషల్’ అయి తిరిగొచ్చింది. చిక్కల్లా నిలబడి తినడంలోనే. ఎడమ చేత్తో తట్ట పట్టుకుని కుడిచేత్తో ముద్ద తుంచబోతే తట్ట ఊగుతుంది, పులుసు అంచుదాకా వస్తుంది. కాసేపు చెంచాతో కుస్తీ పట్టి, చివరికి తట్టను ఖాళీ కుర్చీ మీద పెట్టి, దాని ముందు గొంతుక్కూర్చుని తినేవాళ్ళు ప్రతి పెళ్ళిలోనూ నలుగురైనా కనిపిస్తారు.