కాంక్రీటు లోపలి గాజు తీగ

మన కవిత్వంలో కాంక్రీటు తరచుగా ఒకే అర్థానికి బందీ అయింది: చలనం లేనిది, గుండె లేనిది, నగర కర్కశత్వానికి గుర్తు. దిండి దగ్గర వశిష్ఠ మీది వంతెనపై నిలబడినప్పుడు బరువు లారీ ఒకటి దాటిపోతే, ఈ ప్రతీక ఎంత అరకొరదో నా అరికాళ్ళకు తెలిసింది. వంతెన కొద్దిగా వంగుతుంది, తిరిగి లేస్తుంది. ఎండకు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. కదలనివ్వకుండా బిగిస్తే పగులుతుంది.

ఈ కదలికను చదవడానికి ఇంజనీర్లు ఇనుప ఊచల వెంట గాజు తీగలు అమరుస్తున్నారు. టెలిఫోను మాటలను మోసే తీగే ఇది. పై పూత తీస్తే మందం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. తీగలో కొంతమేర కంటికి కనిపించని గీతలు వరుసగా ఏర్పరుస్తారు. కాంతిని పంపితే గీతల ఎడానికి సరిపడే ఒక్క రంగే వెనక్కి వస్తుంది, తక్కినది సాగిపోతుంది. కాంక్రీటు సాగితే గీతల ఎడం పెరిగి, తిరిగొచ్చే రంగు మారుతుంది. మీటరుకు మిల్లీమీటరులో వెయ్యో వంతు సాగినా యంత్రం పసిగడుతుంది. కాంక్రీటు పగలడానికి సుమారు దానికి వంద రెట్లు సాగాలి. గాజులో ఇలాంటి గీతలు ఏర్పడతాయని 1978లో కెనడాలో కెన్నెత్ హిల్ బృందం కనుగొంది. ఆ దేశంలోనే కాల్గరీలో 1993లో కట్టిన వంతెనలో వీటిని అమర్చారు.

ఒక చిక్కు ఉంది. వేడికి కూడా రంగు మారుతుంది. అందుకే వేడిని మాత్రమే కొలిచే మరో తీగను బరువు తగలకుండా పక్కన వదులుగా ఉంచుతారు. (ఎండ వల్ల కలిగిన మార్పును బరువుకు అంటగట్టే పొరపాటు సాహిత్య విమర్శలో మనమూ చేస్తూనే ఉంటాం.)

దిండి వంటి చోట అసలు శత్రువు ఉప్పు. అంతర్వేది వైపు నుంచి పోటుతో వచ్చే ఉప్పునీరు, ఉప్పుగాలి. ఉప్పు మెల్లగా ఇంకి ఊచను చేరితే తుప్పు పుడుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక కాంక్రీటును లోపలినుంచే చీలుస్తుంది. పైకి చీలిక కనబడేసరికి చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది. గాజుకు తుప్పు లేదు. లోపలి ఒత్తిడిని ముందుగానే చెప్పగలదు.

అయితే చెప్పగలగడం వేరు, చెప్పించుకోవడం వేరు. ఇటలీలో జెనోవా వంతెన 2018 ఆగస్టు 14న కూలి 43 మంది చనిపోయారు. కాంక్రీటు తొడుగులో దాగిన ఉక్కు తీగలు తుప్పుపట్టాయి. అక్కడ శాశ్వతంగా కొలిచే పరికరాలు పెట్టాలని మిలాన్ సాంకేతిక విశ్వవిద్యాలయం నిపుణులు 2017లోనే సూచించారు. వంతెన కూలేనాటికి అవి అమరలేదు. విజ్ఞానం ఉంది, ఖర్చు, నిర్ణయం వేరేవారి చేతుల్లో ఉన్నాయి. మన కథకుడు చూడవలసిన వైరుధ్యం ఇదే.

వంతెన రాకముందు ఈ రేవులో పంటు కదలాలో వద్దో సరంగు గాలినీ నీటినీ చూసి తేల్చేవాడు. ఒడ్డున నిలబడ్డ కొబ్బరి కూలీకి కూడా ఆ గాలీ ఆ నీరూ కనబడేవి, కావాలంటే వాదించేవాడు. గాజు తీగ తెచ్చే అంకెలు ఎక్కడో ఆఫీసు కంప్యూటరులో, ఇంగ్లీషులో ఉంటాయి. వాటిని ఏడాదికొకసారైనా తెలుగులో పంచాయతీ గోడకు అంటించమని అడిగే పాత్ర మన కథల్లో నాకింకా తారసపడలేదు.