దినచర్య మారినా ఆగని సైకిలు సాధన

మానవ జీవితం ఎల్లవేళలా ఒకే తీరుగా సాగదు. పరీక్షలు దగ్గరపడటం, వసతిగృహంలో చేరవలసి రావడం, ఇంట్లో పెద్దలకు జబ్బు చేయడం, తెరపి లేని వానలు - వీటిలో ఏది ఎదురైనా అంతవరకు క్రమంగా నడిచిన దినచర్య తారుమారవుతుంది. అటువంటప్పుడు అందరూ ముందుగా వదులుకొనేది వ్యాయామాన్నే. ప్రతి ఉదయం గంటసేపు సైకిలు తొక్కే విద్యార్థి, ఆ గంట దొరకనప్పుడు సాధనను పూర్తిగా మానివేస్తాడు. పరీక్షలయ్యాక చూద్దామనుకుంటాడు. చాలామందికి ఆ ‘తరువాత’ రానే రాదు. కాబట్టి సాధనను మానకుండా మార్చుకోవడం ఎలాగో తెలుసుకోవాలి.

సైకిలు తొక్కేటప్పుడు కాలి కండరాలకు ప్రాణవాయువు ఎక్కువగా అవసరమవుతుంది. నిత్యసాధన వల్ల శరీరంలో రక్త పరిమాణం పెరిగి, గుండె ఒక్కొక్క స్పందనలో మునుపటికంటే ఎక్కువ రక్తాన్ని పంపగలుగుతుంది. సాధన పూర్తిగా ఆపితే కొద్ది వారాలలోనే ఈ లాభం తగ్గుముఖం పడుతుంది. నెలల తరబడి కూడబెట్టిన శక్తి ఆ విధంగా కరిగిపోతుంది.

మరి ఆ శక్తి నిలవడానికి ఎంత సాధన చాలు? అమెరికాకు చెందిన రాబర్ట్ హిక్సన్, ఆయన సహచరులు 1981 - 1985 మధ్య ప్రచురించిన పరిశోధనలలో దీనికి సమాధానం లభిస్తుంది. వారు కొందరిచేత పది వారాలపాటు వారానికి ఆరు రోజులు, రోజుకు 40 నిమిషాలు సైకిలు తొక్కించి, పరుగెత్తించారు. తరువాత 15 వారాలు సాధనను తగ్గించారు. వారానికి రెండు రోజులకు తగ్గించినా, మరొక ప్రయోగంలో రోజుకు 13 నిమిషాలకు కుదించినా, ప్రాణవాయువును వినియోగించుకొనే గరిష్ఠ సామర్థ్యం నిలిచే ఉంది. చాలాసేపు శ్రమించే ఓర్పు మాత్రం 13 నిమిషాల వారిలో కొంత తగ్గింది. అయితే రోజులను, సమయాన్ని యథాతథంగా ఉంచి శ్రమ తీవ్రతను తగ్గించినప్పుడు ఆ సామర్థ్యమే క్షీణించింది. అంటే సమయం తగ్గినా ఫరవాలేదు, పట్టు సడలకూడదు.

2020లో కరోనా మహమ్మారి ప్రపంచమంతటి దినచర్యనూ ఒక్కసారిగా మార్చివేసింది. స్పెయిన్ దేశంలో మార్చి మధ్య నుండి మే 2 వరకు ప్రజలు వ్యాయామం కోసం వీధిలో సైకిలు తొక్కే వీలు లేకపోయింది. పోటీ క్రీడాకారులు సైకిలును కదలని చట్రానికి బిగించి ఇంట్లోనే తొక్కారు. జూన్ 27న ఆరంభం కావలసిన టూర్ డి ఫ్రాన్స్ పందెం ఆగస్టు 29కి వాయిదా పడింది. అయినా 21 అంచెలూ పూర్తి చేసుకొని సెప్టెంబరు 20న పారిస్‌లో ముగిసింది. దారి మూసుకుపోయినా సాధన ఆగలేదు.

విద్యార్థులకు అటువంటి పరికరాలు అవసరం లేదు. తీరిక లేని వారాలలో రెండు మూడు రోజులు, రోజుకు 20 నిమిషాలు కేటాయిస్తే చాలు. మొదటి ఐదు నిమిషాలు నెమ్మదిగా తొక్కాలి. తరువాత ఒక నిమిషం గట్టిగా, రెండు నిమిషాలు తేలికగా - ఇలా నాలుగుసార్లు తొక్కి, చివరి మూడు నిమిషాలు వేగం తగ్గించాలి. కళాశాలకు సైకిలుపైనే వెళ్తే వేరే సమయమే అక్కరలేదు. వానలో తడిసిన చక్రాలకు బ్రేకు ఆలస్యంగా పడుతుంది కనుక ఆ రోజు వేగం పనికిరాదు. ఇంట్లో ఉన్న ఒక్క సైకిలు చెల్లెలి బడికి అవసరమైతే మెట్లెక్కడమో, తాడాటో ఆ లోటు తీరుస్తుంది. జ్వరం వచ్చినప్పుడు మాత్రం విశ్రాంతే తగినది. కోలుకున్నాక కూడా తొలిరోజే పాత దూరాన్ని అందుకోవాలని ఆరాటపడరాదు.

ఒక రోజు మానడం తప్పు కాదు. మానడమే అలవాటుగా మారితే నష్టం. గంట దొరకని రోజున ఇరవై నిమిషాలను కాపాడుకొన్నవారికి, ఆ గంట తిరిగి దొరికిన నాడు సాధన కొత్తగా మొదలుపెట్టవలసిన అవసరం ఉండదు.