పొదలో పడుకొన్న దుప్పిపిల్ల

సీలేరు తీరమున డొంకరాయి చుట్టునున్న అడవులలో కట్టెలకో, అడ్డాకులకో పోయినవారికి ఒక్కొక్కప్పుడు పొదలో కదలక పడుకొనియున్న దుప్పిపిల్ల కనబడును. ఆ పెద్ద కన్నులు, గుండ్రని నుదురు, చిన్న మూతి చూడగానే ఎత్తుకొనవలెనని తోచును. ఇట్టి రూపము పసిబిడ్డను తలపించి మనలో లాలనాభావమును రేపునని కాన్రాడ్ లోరెంజ్ అను జంతుశాస్త్రజ్ఞుడు 1943లో వివరించెను. జంతుప్రదర్శనశాలలలో కూనల యెదుట జనము గుమిగూడుటయు ఇందువలననే.

కాని పొదలోని పిల్ల సాధారణముగా దిక్కులేనిది కాదు. తల్లి దానిని దాచి మేతకు పోయినది. పాలిచ్చుటకు మరల వచ్చును. పిల్ల ఒంటి వాసన మిక్కిలి స్వల్పము. వీపుమీది తెల్లని చుక్కలు ఆకుల సందున పడు ఎండలో కలిసిపోవును. కదలకుండుటయే దానికి రక్ష. జాలిపడి ఇంటికి తెచ్చినవారు తెలియకయే తల్లినుండి దానిని వేరుచేసినవారగుదురు. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము దానిని పట్టుటయు నేరమే. ముద్దుగా పెంచిన మగపిల్ల, కొమ్ములు వచ్చిన పిమ్మట, మనుష్యులకు బెదరక మీదికి వచ్చుటయు కలదు.

ఎలుగు కూన సంగతి వేరు. తల్లి కూనలను వీపున మోసుకొని తిరుగును. కూన కంటబడినచో తల్లి చేరువనే యున్నదని యెంచి, చప్పుడు చేయక వచ్చిన త్రోవనే మరలవలెను. ఏ పిల్లదైనను తల్లి చచ్చిపడియుండుట చూచినచో, పిల్లను తాకక అటవీశాఖవారికి కబురు చేయుడు.