గాజుతొట్టి కొఱకు సముద్రజలమును కలుపు విధము

మన కంగ్టినుండి తూర్పునకు పోయినను పడమటికి పోయినను సముద్రమును చూచుటకు వందలకొలది కిలోమీటర్లు ప్రయాణము చేయవలెను. మన విద్యార్థులలో పెక్కుమంది సముద్రమును కన్నులార చూచినవారు కారు. అయినను హైదరాబాదు నగరమునందలి అంగళ్లలో గాజుతొట్టెలయందు తిరుగాడు నారింజవన్నె చేపలను, చలనచిత్రములలో వానిని చూచి ముచ్చటపడినవారు గలరు. "సార్, తొట్టిలో నీరు పోసి ఉప్పు కలిపినచో ఆ చేపలు మన యింట బ్రతుకవా?" అని ప్రతి సంవత్సరమును ఎవరో యొకరు మమ్ము అడుగుచునే యుందురు. ఇది తీసివేయదగిన ప్రశ్న కాదు. దీనికి సరియైన ప్రత్యుత్తరము తెలియక చేపలను కొనితెచ్చువారి యిండ్లలో ఆ ప్రాణులు కొలది దినములలోనే నశించుచున్నవి. కావున సముద్రజలమనగా నేమియో, దానిని సముద్రము లేనిచోట నెట్లు కలుపవలెనో యీ వ్యాసమున వివరింతుము.

సముద్రజలమునందు ఏమున్నది?

ఒక కిలోగ్రాము సముద్రజలమునందు సగటున 35 గ్రాముల లవణపదార్థములు కరగియుండును. వానిలో క్లోరైడు 19 గ్రాములు, సోడియము ఇంచుమించు 11 గ్రాములు, సల్ఫేటు 2.7 గ్రాములు, మెగ్నీషియము 1.3 గ్రాములు, కాల్షియము, పొటాసియము ఒక్కొక్కటి 0.4 గ్రాముల చొప్పున నుండును. మిగిలిన పదార్థములు మిక్కిలి స్వల్పములు.

సముద్రమంతట ఉప్పదనము ఒక్కతీరుగ నుండదు. ఎఱ్ఱసముద్రమున నది 40 గ్రాములకు చేరును. గంగ, మహానది, గోదావరి, కృష్ణ మొదలగు నదులు వర్షకాలమున మంచినీటిని తెచ్చి కలుపుటచే బంగాళాఖాతపు ఉత్తరభాగమున పైనీటి ఉప్పదనము 30 గ్రాములకంటెను తగ్గును. అయితే ఇందొక వింత కలదు. 1872 మొదలు 1876 వఱకు చాలెంజరు అను ఓడ మహాసముద్రములను చుట్టివచ్చి తెచ్చిన నీటి నమూనాలలో 77 నమూనాలను విలియం డిట్మార్ అను రసాయనశాస్త్రజ్ఞుడు పరీక్షించి, 1884లో ఫలితములను ప్రకటించెను. ఉప్పదనము ఎక్కువైనను తక్కువైనను ప్రధాన పదార్థముల పరస్పర నిష్పత్తి మాత్రము ఇంచుమించు ఒక్కటియే యని ఆయన నిరూపించెను. ఈ నిష్పత్తి యెప్పుడును మాఱనిదగుటచేతనే దానిని మనము తూచి కలుపగలుగుచున్నాము.

వంటయుప్పు ఏల చాలదు?

"ఉప్పు సముద్రమునుండియే వచ్చినది గదా, దానిని మఱల నీటిలో వేసినచో సముద్రజలము కాదా?" అని కొందఱందురు. చిన్నగంజాము, నౌపడ మొదలగు చోట్ల ఉప్పు పండించు విధమును తెలిసికొన్నచో ఈ సందేహము తీరును. సముద్రజలమును మళ్లలో పెట్టి యెండకు ఇంకింపగా, మొదట సున్నపు పదార్థములు అడుగునకు దిగును. పిమ్మట ఉప్పు పేరుకొనును. మెగ్నీషియము, పొటాసియము అధికముగాగల చేదుద్రవము చివరకు మిగులును, దానిని తీసివేయుదురు. వానాకాలమున జాడీలోని రాళ్లయుప్పు చెమర్చుట మనము చూచుచున్నాము. ఆ చేదుద్రవపు శేషము కొంచెము ఉప్పుకు అంటియుండి గాలిలోని తేమను పీల్చుటయే అందులకు ముఖ్యకారణము.

కావున వంటయుప్పు సముద్రములో నొక భాగమే కాని సముద్రము కాదు. సోడియము, క్లోరైడు కలసి లవణములలో నూటికి 86 వంతులు; మిగిలిన 14 వంతులు లేకున్నచో గుల్లలు కట్టు ప్రాణులకు కాల్షియము దొరకదు; నీటి క్షారగుణము నిలువదు. ఇదిగాక బజారులోని మెత్తనియుప్పునందు అయొడిను లవణమును, గడ్డకట్టకుండుటకై వేయు పదార్థములును కలసియుండును. అవి మనకు మేలుచేయునవే కాని తొట్టికి ఉద్దేశింపబడినవి కావు.

చేప శరీరమున జరుగునది

సముద్రపు చేప రక్తమునందలి లవణములు సముద్రజలమునందలి వానిలో మూడవవంతు మాత్రమే. ద్రవాభిసరణ ధర్మముచే నీరు పలుచని ద్రవమునుండి చిక్కని ద్రవమువైపునకు పోవును. ఊరగాయకై ఉప్పు చల్లిన మామిడిముక్కలనుండి నీరు ఊరుట యిట్టిదే. ఆ విధముగనే సముద్రపు చేప శరీరమునుండి నీరు ఎడతెగక వెలుపలికి పోవుచుండును. అందుచే నది సముద్రజలమును త్రాగి, అధికలవణమును మొప్పల ద్వారమున విసర్జించుచుండును. చెఱువు చేప సంగతి ఇందుకు విరుద్ధము. నక్షత్రపుచేప మొదలగు ప్రాణులకు ఈపాటి సర్దుబాటు శక్తియు లేదు. చుట్టునున్న నీరు మాఱినచో వాని శరీరద్రవమును మాఱిపోవును. నీటి ఉప్పదనము ఒక్కపెట్టున మాఱుట ఆ ప్రాణులకు ఎంతటి ఆపదయో దీనినిబట్టి ఊహింపవచ్చును.

పూర్వులు చేసిన యత్నము

1853లో లండను జంతుప్రదర్శనశాలయందు ప్రజలు చూచుటకై చేపల గృహము తెఱువబడెను. ఆ కాలమున సముద్రజలమును దూరమునుండి పీపాలలో తెప్పించుట మిక్కిలి శ్రమగను వ్యయముగను ఉండెను. ఫిలిప్ హెన్రీ గాస్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు 1854లో వంటయుప్పు, భేదియుప్పు, మెగ్నీషియము క్లోరైడు, పొటాసియము క్లోరైడు అను నాలుగు లవణములను తూచి మంచినీటిలో కలిపి, సముద్రమునకు దూరముగ నుండువారికి నొక మార్గము చూపెను. ఈ విద్య నేడు వేడుకకు మాత్రమే గాక జీవనోపాధికిని తోడ్పడుచున్నది. గోదావరియందును కొల్లేటియందును పెరుగు నీలకంఠపు రొయ్య పెద్దదైన పిదప మంచినీటిలోనే బ్రతుకును. కాని దాని పిల్లలకు లీటరునకు సుమారు 12 గ్రాముల ఉప్పదనము గల నీరు కావలెను. కావున ఆ పిల్లలను పొదిగించువారు ఉప్పునీటిని కొలిచి కలుపుట నేర్చియున్నారు.

నీటిని ఎన్నుకొనుట

మన ప్రాంతము నల్లరేగడి నేల, అడుగున నల్లరాయి. ఇట్టి నేలలోని బోరునీరు సాధారణముగ కఠినజలము. అందు పప్పు త్వరగా ఉడకదు. కాచిన పాత్రలో తెల్లని పెచ్చు కట్టును. పొలములలో వేయు ఎరువులనుండి నైట్రేటు కూడ అందు చేరవచ్చును. మిషన్ భగీరథ కుళాయినీటియందు సూక్ష్మక్రిములను చంపుటకై క్లోరిను కలుపుదురు. అది చేపల మొప్పలకు హానికరము. కావున ఆర్.ఓ. యంత్రమున శుద్ధిచేసిన నీరు ఉత్తమము. అమ్మకపు డబ్బాల నీటిలోను కొంత లవణము మిగిలియుండుట కలదు. కలము వంటి చిన్న టి.డి.ఎస్. మీటరుతో పరీక్షించి, సంఖ్య 10కి లోపున్న నీటిని గ్రహించుట మేలు. తొలివానలు కడిగిన పిమ్మట శుభ్రమైన డాబాపైనుండి పట్టిన వాననీరును పనికివచ్చును. కాని రేకుల కప్పుపైనుండి జాఱిన నీరు పనికిరాదు.

పాత్ర విషయమున మన తల్లులకు ప్రత్యేకముగ నొక మాట. రాగిబిందెలోని నీరు మనకు ప్రియమైనదే. కాని కొలదిపాటి రాగియు రొయ్యలకు, నత్తలకు, పగడపు ప్రాణులకు విషము. ఇత్తడియు నట్టిదే. ఇనుము ఉప్పునీటికి త్రుప్పుపట్టును. కావున ఆహారపదార్థములు నిలువచేయుటకు తగిన క్రొత్త ప్లాస్టిక్ తొట్టిని దీనికొఱకే ప్రత్యేకించి యుంచవలెను. సబ్బు తగిలిన బకెట్టును వాడరాదు.

కలుపు క్రమము

సముద్రజలమునకు కావలసిన లవణములన్నియు సరియైన పాళ్లలో కలిపిన పొడి, అక్వేరియము సామగ్రి అమ్ము అంగళ్లలో సంచులుగ దొరకును. దానిని కలుపు క్రమమిది.

1. మొదట నీటిని కొలిచి తొట్టిలో పోయవలెను. పిమ్మట చిన్న పంపుతో నీటిని త్రిప్పుచు, గాలి బుడగలను విడువవలెను. ఎండాకాలమున నీరు మిక్కిలి వేడెక్కకుండ నీడపట్టున నుంచి, వేడిమి 25 లేక 26 డిగ్రీలకు తేవలెను.

2. సంచిని విప్పకముందు దొర్లించి లోనిపొడిని కలియబెట్టవలెను; బరువైన రేణువులు అడుగునకు చేరియుండవచ్చును. పొడి కొంత తేమతో కూడియుండుటచే లీటరునకు 35 గ్రాములు చాలక, సాధారణముగ 36 మొదలు 40 గ్రాముల వఱకు పట్టును. సంచిపై వ్రాసిన తూకమునకు కొంచెము తక్కువగ మొదలుపెట్టుట వివేకము.

3. పొడిని కొంచెము కొంచెముగ నీటిలో చల్లవలెను. పొడిపై నీటిని ఎన్నడును పోయరాదు. అట్లు పోసినచో నొకచోట లవణములు మిక్కిలి చిక్కబడి, కాల్షియము సున్నముగ విడిపోయి తెల్లని మడ్డియై అడుగున నిలుచును. ఆ మడ్డి మఱల కరగదు; కోల్పోయిన పదార్థము నీటికి తిరిగి రాదు.

4. సంచిపై వేఱు విధి లేనిచో నొక దినము నీటిని త్రిప్పుచునే యుంచవలెను. లవణములు పూర్తిగ కరగును. గాలితోడి సంపర్కముచే నీటి క్షారగుణము, అనగా పి.హెచ్., సముద్రమునకు తగిన 8.1 మొదలు 8.3 వఱకు కుదురుకొనును. చేపలున్న తొట్టిలో పొడిని నేరుగ వేయుట వానిని చంపుటయే.

కొలుచుట

వరివిత్తనములను ఎంచుటకు కోడిగ్రుడ్డు తేలునంతవఱకు నీటిలో ఉప్పు వేయు పద్ధతిని మన రైతులు ఎఱుగుదురు. ఆ కొలత ఇక్కడ పనికిరాదు. క్రొత్తగ్రుడ్డు సముద్రజలమున మునుగును. అది తేలవలెనన్నచో సముద్రజలమునకంటె ఇంచుమించు మూడింతల ఉప్పు కావలెను. నాలుకతో రుచిచూచుటయు కొలత కాదు.

హైడ్రోమీటరు అను తేలెడు సాధనము 25 డిగ్రీల వేడిమిలో 1.025 మొదలు 1.026 వఱకు చూపినచో ఉప్పదనము సరిగ నున్నట్లు. రిఫ్రాక్టోమీటరు అను సాధనమున రెండు చుక్కల నీరు వేసి వెలుతురువైపు చూచినచో సంఖ్య కనబడును. దానిని 35 సంఖ్య గల ప్రమాణద్రవముతో అప్పుడప్పుడు సరిచూడవలెను.

కొలత తప్పినచో లెక్క కష్టము కాదు. 100 లీటర్ల నీటియందు ఉప్పదనము 32 గా నున్నచో సుమారు 300 గ్రాముల పొడి యింకను కావలెను. 38 గా నున్నచో మొత్తము లవణము 3800 గ్రాములు. దానిని 35 చే భాగింపగా 108.6. కావున 8.6 లీటర్ల మంచినీరు చేర్పవలెను. మన పాఠశాలలో నేర్పు నిష్పత్తి లెక్కలే యిచట నొక ప్రాణిని కాపాడుచున్నవి.

ఆవిరియగు నీరు

తొట్టినుండి ఆవిరియై పోవునది నీరు మాత్రమే. ఉప్పు లోననే నిలుచును. 100 లీటర్లలో 10 లీటర్లు ఆవిరియైనచో ఉప్పదనము 35 నుండి దాదాపు 39 కి పెరుగును. మన వేసవిలో, అందును పంకా గాలికి, ఇది త్వరగ జరుగును. కొందఱు తగ్గిన నీటికి బదులుగ ఉప్పునీటినే పోయుదురు. దానిచే ఉప్పదనము దినదినమును పెరుగును. తొట్టి అద్దముపై నొక గీత గీచి, నీరు ఆ గీతకు దిగువకు పోగానే శుద్ధమైన మంచినీటిని చేర్పవలెను. ఉప్పునీటిని చేర్చునది పాతనీటిని తీసి మార్చునపుడు మాత్రమే. వారమునకో రెండు వారములకో పదియవ వంతు మార్చుట వాడుక. క్రొత్తనీటి వేడిమియు ఉప్పదనమును తొట్టినీటితో సరిపోవలెను.

తీసివేసిన నీటిని చేనిలోను, చెట్టుమొదటను, బావిదగ్గరను పోయరాదు. సోడియము చేరిన రేగడినేల బిగుసుకొని పంటకు పనికిరాకపోవును. దానిని వాడుకనీటితో పలుచనచేసి మురుగుకాలువలో విడుచుట తగును.

చివరిమాట

నీరు సిద్ధమైనంతమాత్రమున చేపలను తేరాదు. వాని మలినమును హరించు సూక్ష్మజీవులు తొట్టియందు స్థిరపడుటకు నాలుగు మొదలు ఆఱు వారములు పట్టును. సముద్రగుఱ్ఱములు, పగడములు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే కాపాడబడుచున్నవి. వానిని పట్టుటయు అమ్ముటయు నేరము. కొచ్చిలో ప్రధానకార్యాలయము గల కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థవారు నారింజవన్నె చేపలను తొట్టెలలోనే పొదిగించు పద్ధతిని రూపొందించిరి. అట్లు పొదిగించిన చేపలను కోరి కొన్నచో సముద్రమునందలి వానికి నష్టము కలుగదు.

ఇంత శ్రమయు వ్యయమును భరింపలేని కుటుంబములు చేపలను తేకుండుటయే దయ. కాని కలుపు విద్యను నేర్చుటకు చేప యక్కఱలేదు. ఒక బకెట్టు నీరు, త్రాసు, హైడ్రోమీటరు చాలును. నీటిని కలిపి, కొలిచి, కొంత తగ్గువఱకు ఎండలో నుంచి, మఱల కొలిచి చూడుడు. పది దినములు వరుసగ కొలత తప్పక వ్రాసిన విద్యార్థి అటుపిమ్మట తల్లిదండ్రులను చేపలు అడుగవచ్చును. తొట్టిలోని చేప తనకు కలిగిన బాధను నోరు తెఱచి చెప్పజాలదు. మన కొలత పుస్తకమే దాని పక్షమున మాటలాడవలెను.