అంబాసిడర్‌లో స్పీడ్ మీటర్ ముల్లు పడుకుందా? వెయ్యి రూపాయల్లో ఇంట్లోనే డిజిటల్ మీటర్.. బిగించే ముందు ఇవి చూసుకోండి

ఉప్పలగుప్తం: కొబ్బరి తోటలో రేకుల షెడ్డు. అందులో తాతగారు కొన్న అంబాసిడర్. బ్యాటరీ మారిస్తే స్టార్ట్ అవుతుంది, హారన్ కొడితే మూడిళ్ల అవతలికి వినిపిస్తుంది. ఒక్క స్పీడ్ మీటర్ ముల్లే.. ఎంత తొక్కినా సున్నా దగ్గర నుంచి లేవదు. పాత కారు ఉన్నవాళ్లకి ఇదేం కొత్త సంగతి కాదు. "మన ఊరి రోడ్డు మీద ఎంత స్పీడు వెళ్తామండీ, మీటరెందుకు?" అని నవ్వేసేవాళ్లూ ఉన్నారు.

కానీ ఉప్పలగుప్తం నుంచి ఎస్.యానం బీచ్ వైపు వెళ్లే దారులు చూడండి. ఒక పక్క చేలు, ఇంకో పక్క కాలువ, మధ్యలో ఇరుకు రోడ్డు. కోనసీమలో కారు కాలువలోకి దూసుకెళ్లిందన్న వార్త మనకి కొత్త కాదు. పైగా పాత అంబాసిడర్లలో నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. బండి బరువు వల్ల లోపల కూర్చున్నవాళ్లకి వేగం తెలీదు. 50లో వెళ్తున్నామనుకుంటే 65 ఉండొచ్చు. ఆ 15 కిలోమీటర్ల తేడాకి బ్రేక్ వేశాక బండి ఆగే దూరం దాదాపు 70 శాతం పెరుగుతుంది. మీటర్ సరిగ్గా ఉండాలనేది అందుకే.

ఇప్పుడు చిన్న చిన్న ఎలక్ట్రానిక్ బోర్డులు చవగ్గా దొరుకుతుండటంతో సొంతంగా డిజిటల్ స్పీడ్ మీటర్ తయారు చేసుకోవడం పెద్ద విద్యేం కాదు. అసలు కష్టం తయారీలో కాదు, బిగించడంలో, లెక్క సరిచూసుకోవడంలో ఉంది.

ముందు కేబుల్ చూడండి

పాత మీటర్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే సగం ఖర్చు మిగులుతుంది. గేర్‌బాక్స్ వెనక భాగం నుంచి ఒక తీగ మెలి తిరుగుతూ డ్యాష్‌బోర్డు దాకా వస్తుంది. మీటర్ లోపల అది ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. దాన్ని తాకకుండా పైన ఒక అల్యూమినియం గిన్నె ఉంటుంది. అయస్కాంతం తిరిగే కొద్దీ గిన్నెలో కరెంటు సుడులు పుట్టి, గిన్నెని తమతో పాటు లాగుతాయి. సన్నటి స్ప్రింగు వెనక్కి లాగుతుంది. ఈ రెండింటి లాగుడులో ముల్లు ఎక్కడ ఆగితే అదే మన స్పీడ్. 1902లో ఒట్టో షుల్జే జర్మనీలో పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇది. 2014లో ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ ఆగిపోయే నాటికి ఈ సూత్రానికి వందేళ్లు దాటిపోయాయి.

ముల్లు అస్సలు కదలకపోతే ముందు అనుమానించాల్సింది మీటర్‌ని కాదు, కేబుల్‌ని. లోపలి తీగ తెగి ఉంటుంది, లేదా చివరనున్న చదరపు మొన అరిగి ఉంటుంది. ముల్లు గంతులేస్తుంటే గ్రీజు ఎండిపోయిందని అర్థం. కేబుల్ ఊడదీసి కిరోసిన్‌తో కడిగి, పల్చగా గ్రీజు రాసి మళ్లీ పెడితే చాలాసార్లు అక్కడితో కథ అయిపోతుంది. ఈ పని చేయకుండా డిజిటల్ మీటర్ కోసం పరిగెత్తడం తొందరపాటే. కేబుల్ దొరక్కపోయినా, మీటర్ లోపల స్ప్రింగు పాడైనా అప్పుడు ముందుకి వెళ్లండి.

ఏం కావాలి? ఎంతవుతుంది?

ఆర్డుయినో నానో బోర్డు (కంపెనీది కాని రకం) సుమారు 300 రూపాయలు. హాల్ సెన్సర్ 50 లోపే. నాలుగంకెల ఎర్ర ఎల్ఈడీ డిస్‌ప్లే 100 నుంచి 150. 12 వోల్టుల్ని 5 వోల్టులకి దించే కన్వర్టర్ 100 లోపు. రెండు చిన్న నియోడిమియం మాగ్నెట్లు, ఫ్యూజు, వైరు, ప్లాస్టిక్ డబ్బా.. అన్నీ కలిపి వెయ్యి దాటదు. ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, కాకినాడ, రాజమండ్రి ఎలక్ట్రానిక్స్ షాపుల్లో అడిగినా ఇస్తారు. చిన్న ఓఎల్ఈడీ స్క్రీన్ చూడ్డానికి బాగుంటుంది కానీ మధ్యాహ్నం ఎండలో అక్షరం కనపడదు. ఎర్ర అంకెలే మేలు.

హాల్ సెన్సర్ అంటే అయస్కాంతం ఎదురుగా వచ్చినప్పుడల్లా "వచ్చింది" అని చెప్పే బుల్లి స్విచ్చు. అమెరికా శాస్త్రవేత్త ఎడ్విన్ హాల్ 1879లో కనిపెట్టిన ప్రభావం ఇది. తిరిగే భాగానికి మాగ్నెట్ అంటించి, పక్కన కదలని చోట సెన్సర్ పెడితే.. మాగ్నెట్ దాటిన ప్రతిసారీ ఒక పల్స్ బోర్డుకి వెళ్తుంది. సెకనుకి ఎన్ని పల్స్‌లు వస్తున్నాయో తెలిస్తే స్పీడ్ తెలిసినట్టే. ఒక చిన్న చిక్కు ఉంది. ఎ3144 లాంటి సెన్సర్లు అయస్కాంతంలో ఒక ధ్రువానికే స్పందిస్తాయి. తిరగేసి అంటిస్తే మీటర్ సున్నా దగ్గరే కూర్చుంటుంది. అందుకే కారు కిందకి దూరే ముందే టేబుల్ మీద పెట్టి ఏ వైపు పనిచేస్తోందో చూసి, పెన్నుతో గుర్తు పెట్టుకోవాలి. అలాగే దీని అవుట్‌పుట్ నుంచి 5 వోల్టులకి ఒక 10 కిలో ఓమ్ రెసిస్టర్ కలపాలి.

ఎక్కడ బిగించాలి?

ముందు చక్రానికి పెట్టొచ్చు కదా అంటారు. పెట్టొచ్చు. కానీ స్టీరింగ్ తిప్పినప్పుడల్లా వైరు కూడా మెలిపడుతుంది, వానాకాలం బురదంతా దాని మీదే. అంబాసిడర్, పద్మిని రెండూ వెనక చక్రాలు లాగే బండ్లు. గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్ దాకా ప్రొపెల్లర్ షాఫ్ట్ ఉంటుంది. ఆ షాఫ్టే సరైన చోటు. అందులోనూ గేర్‌బాక్స్ వైపు చివర. వెనక చివరైతే కమాన్ పట్టీలతో పాటు పైకీ కిందికీ ఊగుతుంది, సెన్సర్‌కీ మాగ్నెట్‌కీ మధ్య దూరం మారిపోతుంది. ముందు వైపు కదలిక తక్కువ. 3 నుంచి 5 మిల్లీమీటర్ల సందు ఉంచితే సరిపోతుంది.

మాగ్నెట్ ఒక్కటే పెట్టకండి. షాఫ్ట్ బ్యాలెన్స్ తప్పి వణుకు రావచ్చు. ఒకదానికొకటి సరిగ్గా ఎదురెదురుగా రెండు పెట్టాలి. బరువు సమానం అవుతుంది, పల్స్‌లూ రెట్టింపవుతాయి. వట్టి జిగురు నమ్మకూడదు. 60 కిలోమీటర్ల వేగంలో ఆ షాఫ్ట్ నిమిషానికి రెండు వేల పైచిలుకు సార్లు తిరుగుతుంది. ఎపాక్సీ పెట్టి, పైన స్టీల్ హోస్ క్లిప్ బిగించాలి. క్లిప్పు స్క్రూ కూడా బరువే కాబట్టి రెండు క్లిప్పులు వాడి స్క్రూలు ఎదురెదురుగా వచ్చేలా చూడాలి. కారు కింద పని అంటే జాకీ ఒక్కదాని మీద నిలబెట్టి చేసేది కాదు. స్టాండ్లు పెట్టాలి, లేదా ఊళ్లో మెకానిక్ దగ్గర గుంట ఉంటే అక్కడే చేయించుకోవాలి.

లెక్క ఇలా

యాక్సిల్ రేషియో ఎంతో పుస్తకాల్లో వెతకనక్కర్లేదు. పాత కారులో డిఫరెన్షియల్ ఎప్పుడో మారి ఉండొచ్చు, టైర్లు ఎటూ మారి ఉంటాయి. అమలాపురం దగ్గర 216 జాతీయ రహదారి ఎక్కి, ఒక కిలోమీటరు రాయి దగ్గర కౌంటర్ సున్నా చేసి, ఐదు కిలోమీటర్ల తర్వాతి రాయి దగ్గర అంకె చూడండి. పక్కన ఒక మనిషి కూర్చుని ఆ అంకె రాసుకోవాలి, డ్రైవర్ కాదు. ఉదాహరణకి 22,500 పల్స్‌లు వచ్చాయనుకోండి. కిలోమీటరుకి 4,500. అంటే సెకనుకి వచ్చే పల్స్‌లని 0.8తో గుణిస్తే గంటకి కిలోమీటర్లు. సెకనుకి 50 పల్స్‌లు వస్తే స్పీడ్ 40. మీ బండికి మీ అంకె వస్తుంది. తర్వాత ఫోన్‌లో జీపీఎస్ స్పీడ్ పెట్టుకుని తిన్నటి రోడ్డు మీద ఒకే వేగంతో వెళ్తూ రెండూ పోల్చి చూడండి. టైర్ల సైజు మారిస్తే ఈ పని మళ్లీ మొదటికే.

అంకె అరసెకనుకోసారి మారితే చాలు. అయితే పల్స్‌లని లెక్కపెట్టే పద్ధతిలో ఒక ఇబ్బంది ఉంది. పై ఉదాహరణలో అరసెకనులో ఒక్క పల్స్ తేడా వస్తే స్పీడ్ 1.6 కిలోమీటర్లు గెంతుతుంది. అందుకని పల్స్‌కీ పల్స్‌కీ మధ్య సమయాన్ని కొలిచి, ఏడెనిమిదింటి సగటు చూపించాలి. ఇంకోటి.. బండి ఆగితే పల్స్‌లు రావు, బోర్డు పాత అంకె పట్టుకునే ఉంటుంది. ఇంటి ముందు ఆగిన కారు 12 కిలోమీటర్ల స్పీడ్‌లో ఉన్నట్టు చూపిస్తుందన్నమాట. రెండు సెకన్లు పల్స్ రాకపోతే సున్నా వేయమని ప్రోగ్రామ్‌లో రాయాలి.

ఆగి ఉన్న కారు 90 చూపిస్తే?

దీనికి కారణం ఇగ్నిషన్. కాయిల్, ప్లగ్ వైర్ల నుంచి వచ్చే విద్యుత్ రొద సెన్సర్ వైరులోకి దూరి దొంగ పల్స్‌లు పుట్టిస్తుంది. సెన్సర్‌కి షీల్డెడ్ వైరు వాడి, ప్లగ్ వైర్లకి దూరంగా లాగాలి. సెన్సర్ దగ్గర 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాలి. మన ఉదాహరణలో 120 స్పీడ్‌లో కూడా పల్స్‌ల మధ్య 6.7 మిల్లీసెకన్లు ఉంటుంది. కాబట్టి 4 మిల్లీసెకన్ల లోపు వచ్చేదాన్ని పట్టించుకోవద్దని ప్రోగ్రామ్‌కి చెప్పేయొచ్చు.

కరెంటు విషయంలో మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. డైనమో, కట్ అవుట్ ఉన్న పాత బండ్లలో వోల్టేజ్ నిలకడగా ఉండదు. బోర్డుకి నేరుగా బ్యాటరీ ఇవ్వకూడదు. కన్వర్టర్‌కి కూడా ముందు వేరుగా కరెంటు ఇచ్చి, మల్టీమీటర్ పెట్టి, స్క్రూ తిప్పి 5 వోల్టులకి తెచ్చాకే బోర్డు కలపాలి. ఇగ్నిషన్ స్విచ్ తర్వాతి వైరు నుంచి లైన్ తీసుకుని, మొదట్లోనే ఒక ఆంపియర్ ఫ్యూజు వేయాలి. 200 రూపాయల పని ఆదా చేద్దామని ఫ్యూజు లేకుండా లాగిన వైరు ఎక్కడో రాసుకుని బాడీకి తగిలితే, ఎండిపోయిన పాత సీట్లు, పాత వైరింగ్ అంటుకోవడానికి ఎంతోసేపు పట్టదు. మరీ పాత ఇంగ్లిష్ తరహా బండ్లలో కొన్నిటికి బ్యాటరీ ప్లస్ బాడీకి కలిపి ఉంటుంది. వైరు ముట్టుకునే ముందు అది చూసుకోండి.

ఉప్పుగాలి సంగతి

తీరం పక్కన ఇనుము ఎలా తుప్పు పడుతుందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. సన్నటి రాగి కాళ్లకీ చిలుం పడుతుంది. సెన్సర్‌ని మూడు కాళ్లతో సహా ఎపాక్సీలో ముంచేయాలి. ప్రతి జాయింటూ టంకం పెట్టి, వేడికి బిగుసుకునే స్లీవ్ తొడగాలి. బోర్డుకి ఎలక్ట్రానిక్ లక్కర్ రెండు పూతలు వేయాలి. వైరు డబ్బాలోకి కింద నుంచే వెళ్లాలి, పై నుంచి వస్తే నీళ్లు దాని వెంటే లోపలికి దిగుతాయి.

ఇంత తలనొప్పి ఎందుకు, జీపీఎస్ మాడ్యూల్ పెట్టేస్తే పోదా? అదీ మంచి దారే, కారు కిందకి దూరే పనుండదు. కాకపోతే స్టార్ట్ చేశాక ఉపగ్రహాలు దొరికేదాకా ఆగాలి. దట్టమైన కొబ్బరి తోటల మధ్య సిగ్నల్ తడబడొచ్చు.

రూల్ ఏం చెబుతోంది?

సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్, 1989లోని 117వ రూల్ ప్రకారం స్పీడ్ మీటర్‌లో 10 శాతం అటూ ఇటూ తేడాని అనుమతిస్తారు. అంటే అసలు వేగం 50 ఉంటే మీటర్ 45కీ 55కీ మధ్య చూపించాలి. పైన చెప్పినట్టు సరిచూసుకుంటే ఇంతకంటే దగ్గరగానే వస్తుంది. 50 ఏళ్లు దాటిన కార్ల కోసం 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల్లో బండి అసలు రూపం చెడకూడదన్నది ముఖ్యం. కాబట్టి పాత మీటర్ పీకేయొద్దు, డ్యాష్‌బోర్డుకి రంధ్రాలు చేయొద్దు. కొత్త డబ్బాని స్టీరింగ్ పక్కన క్లిప్పుతో బిగించండి, రేపు తీసేసినా గుర్తు మిగలదు.

చివరగా కిలోమీటర్ల లెక్క. తిరిగిన దూరాన్ని కూడా బోర్డులోనే దాచుకోవచ్చు. అయితే నానో బోర్డు మెమరీలో ఒక్కో గడికి హామీ ఉన్నది సుమారు లక్ష రాతలకే. వంద మీటర్లకోసారి ఒకే గడిలో రాస్తే పదివేల కిలోమీటర్లకే ఆ హామీ అయిపోతుంది. కిలోమీటరుకోసారి రాస్తే లక్ష కిలోమీటర్లు వస్తుంది. ఏడాదికి నాలుగు పెళ్లిళ్లకి, ఒక సంక్రాంతికి బయటికి తీసే బండికి అది ధారాళంగా సరిపోతుంది.